హతురాలు లేని హత్య: ‘కన్యాశుల్కం’లో నేరవిచారణ, ముద్దాయి హక్కులు

వ్యాససంగ్రహం:

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంపై వచ్చిన విమర్శ ఎక్కువగా సంఘసంస్కరణ, వాడుకభాష, గిరీశం, మధురవాణి పాత్రల చుట్టూ సాగింది. నాటకం ఉత్తరార్ధాన్ని నడిపించే హత్యకేసును కథను ముడివేసి విప్పే సాధనంగా చూడటమే పరిపాటి. ఆ కేసునే కేంద్రంగా తీసుకొని, లుబ్ధావధాన్లను ముద్దాయిగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వలసపాలన నాటి నేరవిచారణ శాసనాలు, తర్వాత భారత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కులు ఈ పరిశీలనకు ఆధారాలు. లుబ్ధావధాన్లను కాపాడింది న్యాయప్రక్రియ కాదనీ, ఒక వ్యక్తి ఔదార్యమనీ, నాటకం సుఖాంతంలో మిగిలిపోయిన వెలితి అక్కడే ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గురజాడ, కన్యాశుల్కం, నేరవిచారణ, ముద్దాయి, సాక్ష్యం, నిర్దోషిత్వ భావన, రాజ్యాంగ హక్కులు.

1. ఉపోద్ఘాతం:

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో తొలికూర్పు, 1909లో సమూలంగా పెంచి తిరగరాసిన మలికూర్పు వెలువడ్డాయి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల వ్యవధిలో 1034 శుల్కవివాహాలు నమోదయ్యాయని తొలికూర్పు పీఠికలో గురజాడ పేర్కొన్నాడు. నాటకానికి ఈ దురాచారం నేపథ్యం కావడంతో దాన్ని సంస్కరణ నాటకంగా చదివే సంప్రదాయం బలపడింది. కె.వి. రమణారెడ్డి ‘మహోదయం’ గురజాడను నాటి చారిత్రక సందర్భంలో నిలిపి చూసింది. సర్దేశాయి తిరుమలరావు ‘కన్యాశుల్క నాటక కళ’ నాటక నిర్మాణాన్ని పరిశీలించింది. వెల్చేరు నారాయణరావు తన ఆంగ్లానువాదానికి (2007) జతచేసిన వ్యాసంలో, దీన్ని కేవలం సంస్కరణ నాటకంగా చూసే దృష్టినే ప్రశ్నించాడు.

ఈ నాటకంలో కచేరీ, వకీళ్లు, పోలీసు, దావాలు, దస్తావేజులు, దొంగసాక్ష్యాలు అడుగడుగునా కనిపిస్తాయి. అగ్నిహోత్రావధాన్లు వ్యాజ్యాల మనిషి. రామప్పంతులు బతుకుతెరువే వ్యవహారం. గురజాడకు ఈ లోకం పరోక్షంగా తెలిసినది కాదు. కళాశాల అధ్యాపకత్వానికి ముందు ఆయన డిప్యూటీ కలెక్టరు కార్యాలయంలో హెడ్ గుమాస్తాగా పనిచేశాడు. తర్వాత విజయనగర సంస్థానపు వారసత్వ వ్యాజ్యానికి సంబంధించిన పనులు చూశాడు. కాబట్టి నాటకంలోని కేసును కేవలం హాస్యానికి అల్లిన కల్పనగా తీసివేయడం సమంజసం కాదు.

2. నాటి నేరవిచారణ వ్యవస్థ:

మలికూర్పు వెలువడిన నాటికి నేరన్యాయం మూడు ప్రధాన శాసనాల మీద నడిచేది. అవి 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1898 నాటి నేరవిచారణ స్మృతి. ముద్దాయికి రక్షణ కల్పించే సూత్రాలు ఈ శాసనాలలో లేకపోలేదు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం ముద్దాయికి వ్యతిరేకంగా చెల్లదని సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. వారంటు లేకుండా పట్టుకున్న మనిషిని మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా 24 గంటలకు మించి నిర్బంధించరాదని నేరవిచారణ స్మృతి 61వ సెక్షను నిర్దేశించింది. ఆరోపణను రుజువు చేయవలసిన భారం ఆరోపించినవారిదే.

లోపం అమలులో ఉంది. అంతకన్నా ముఖ్యంగా, అధికార విభజన లేకపోవడంలో ఉంది. మేజిస్ట్రేటు అధికారాలు రెవెన్యూ అధికారుల చేతుల్లోనే ఉండేవి. శిస్తు వసూలు చూసే డిప్యూటీ కలెక్టరే ఫిర్యాదులు విని, హత్యవంటి తీవ్రనేరాలలో ప్రాథమిక విచారణ జరిపి ముద్దాయిని సెషన్సుకు పంపగలిగేవాడు. నాటకంలో కనిపించేది ఈ డిప్టీ కలెక్టరు కచేరీయే. సెషన్సు కోర్టు రంగస్థలం మీదికి రాదు. పోలీసు వ్యవస్థ విషయానికి వస్తే, 1902–03 నాటి పోలీసు కమిషనే అందులోని అవినీతిని, పీడనను తీవ్రంగా తప్పుబట్టింది. హెడ్డు కనిస్టేబు పాత్రను ఈ సందర్భంలో చదివితే అది అతిశయోక్తిగా తోచదు.

గ్రామీణ మనిషికి మరో లోటు ఉంది. అక్రమ నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ఎదుట హాజరుపరచమని ఆదేశించే అధికారాన్ని 1898 స్మృతి 491వ సెక్షను ప్రెసిడెన్సీ నగరాల హైకోర్టులకు ఇచ్చింది. అయితే ఆ అధికారం ఆయా కోర్టుల నగర పరిధికే పరిమితం. మొఫసిలు ప్రాంతాలకు అది విస్తరించింది 1923 సవరణతోనే. నాటకంలోని రామచంద్రపురం అగ్రహారీకునికి మద్రాసు హైకోర్టు తలుపు ఆ దారిన తెరుచుకోదు. ముద్దాయి రక్షణలు పుస్తకంలో ఉన్నా, వాటిని అడిగి పుచ్చుకునే మార్గం ఊరివాడికి అందుబాటులో లేదన్నమాట.

3. హతురాలు లేని హత్య:

కథాక్రమం సుపరిచితమే. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు అమ్మే సంబంధాన్ని చెడగొట్టడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి, గుంటూరు శాస్త్రుల పేరుతో, ఆ ‘పిల్ల’ను లుబ్ధావధాన్లకు అంటగడతాడు. పెళ్లి జరిగిన కొద్దికాలానికే శిష్యుడు మాయమవుతాడు. పెళ్లికూతురు కనిపించకపోవడంతో లుబ్ధావధాన్ల మీద హత్యారోపణ వస్తుంది.

ఈ కేసులో శవం లేదు. ఆ మాటకొస్తే, చనిపోయిందని చెబుతున్న మనిషే లేదు. శవం దొరకనంత మాత్రాన హత్యకేసు నిలబడదని చట్టం అనదు. మరణం జరిగిందన్న సంగతి మాత్రం ఇతర సాక్ష్యాల ద్వారా నిస్సందేహంగా రుజువు కావాలని అంటుంది. స్వతంత్ర భారతంలో సుప్రీంకోర్టు రమానంద్ కేసులో (1981) ఈ ప్రశ్నను విస్తారంగా చర్చించింది. శవం దొరికి తీరాలన్నది పూర్వపు ఆంగ్లన్యాయవేత్తల జాగ్రత్త. చనిపోయాడనుకున్న మనిషి నిందితుడిని ఉరితీసిన తర్వాత తిరిగివచ్చే ప్రమాదమే ఆ జాగ్రత్తకు మూలం. గురజాడ కల్పించిన సన్నివేశం ఈ ప్రమాదాన్ని మరో మెట్టు పైకి తీసుకువెళ్లింది. ఇక్కడ తిరిగిరావడానికి కూడా ఎవరూ లేరు. వచ్చేవాడు వస్తే మగపిల్లవాడుగా వస్తాడు.

ముద్దాయి పరిస్థితి మరింత విషమమైనది. పెళ్లికూతురు మాయమైంది అతని ఇంట్లోంచి. ఆమె ఏమైందో చెప్పవలసినవాడు అతడేనని ఊరు భావించడం సహజం. ఒక వ్యక్తికి ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని అతడే రుజువు చేయాలనే సాక్ష్య చట్టం 106వ సెక్షను నీడ ఇలాంటి సందర్భాల మీద ఎప్పుడూ పడుతూ ఉంటుంది. ఈ సెక్షను ప్రాసిక్యూషనును దాని మౌలిక బాధ్యత నుంచి తప్పించదని శంభునాథ్ మెహ్రా కేసులో (1956) సుప్రీంకోర్టు స్పష్టం చేయవలసి వచ్చింది. లుబ్ధావధాన్లకు ఆ ‘ప్రత్యేకమైన ఎరుక’ ఏమీ లేదు. అతనికి తోచిన సమాధానం దయ్యం. పూజారి గవరయ్య ఆ భయాన్ని పెంచి, దయ్యాన్ని సీసాలో బంధించానంటాడు. పెళ్లికూతురు మనిషి కాదనే గవరయ్య మాట పచ్చి బూటకం. అయినా అటువంటి పిల్ల ఎన్నడూ లేదన్న అసలు నిజానికి, ఖూనీ జరిగిందన్న పోలీసు కథనం కన్నా ఆ బూటకమే దగ్గరగా ఉంది. ముద్దాయి తాను నమ్మిన నిజాన్ని కచేరీలో చెబితే అది నేరాన్ని కప్పిపుచ్చే కట్టుకథగా వినిపిస్తుంది. చెప్పకపోతే మౌనం అనుమానమవుతుంది. నిర్దోషికి తన నిర్దోషిత్వాన్ని చెప్పుకొనే భాష కూడా లేని స్థితిని గురజాడ హాస్యం మాటున నిలిపాడు.

4. నిజం తెలిసినవారి మౌనం:

ఈ కేసులో నిజం దొరకనిదేమీ కాదు. కరటకశాస్త్రికి తెలుసు, శిష్యుడికి తెలుసు, మధురవాణికి తెలుసు. నిజం ఎక్కడో మరుగున పడటం ఒకటి, నిజం తెలిసినవారు బయటపెట్టలేకపోవడం మరొకటి. నాటకం రెండోదాన్ని ఎంచుకుంది.

కరటకశాస్త్రి మేనకోడలిని కాపాడటానికి చేసిన పని సదుద్దేశంతో కూడినదే. చట్టం దృష్టిలో అది మోసం. మగపిల్లవాడిని ఆడపిల్లగా చూపి, శుల్కం తీసుకొని, పెళ్లి చేయించడం శిక్షాస్మృతిలోని వంచన నిర్వచనంలోకి వస్తుంది. అతడు సాక్షిబోనెక్కి నిజం చెబితే లుబ్ధావధాన్లు బయటపడతాడు, తాను ముద్దాయి అవుతాడు. సాక్షిగా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదనీ, అలా బలవంతాన చెప్పిన జవాబును ఆ సాక్షిపై కేసుకు వాడరాదనీ సాక్ష్య చట్టం 132వ సెక్షను చెబుతుంది. ఆ రక్షణ ఆ జవాబుకే పరిమితం. జవాబు చూపించిన దారిని పట్టుకొని పోలీసులు వేరే ఆధారాలు సేకరిస్తే దానికి అడ్డులేదు. పైగా శిష్యుడు బాలుడు. గురువు మాట విన్నందుకు అతడూ చిక్కుకోవచ్చు.

తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా ఏ ముద్దాయినీ ఒత్తిడి చేయరాదని నేడు రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. ఈ హక్కు ఎందుకు అవసరమో సిద్ధాంతరీత్యా చెప్పడం కన్నా కరటకశాస్త్రి సంకటం తేటగా చెబుతుంది. అదే సమయంలో ఆ హక్కుకు మరో ముఖం కూడా కనిపిస్తుంది. ఒకరి మౌనపు హక్కు వల్ల మరొకరి మెడకు ఉరి బిగిసే అవకాశం ఉంది. ఈ రెండింటి మధ్య దారి చూపవలసింది న్యాయవ్యవస్థ. నాటకంలో ఆ దారి చూపేది మధురవాణి.

5. వకీలు గది, సాక్షి బోను:

సౌజన్యారావు పంతులు లుబ్ధావధాన్ల పక్షాన నిలిచిన వకీలు. కన్యాశుల్కాన్ని, సానివృత్తిని ఏవగించుకొనే సంస్కర్త. శుల్కమిచ్చి పిల్లను కొన్నవాడి ప్రాణం కాపాడటానికి పూనుకోవడం అతని పాత్రలోని గొప్పతనం. ముద్దాయి నడతను అసహ్యించుకుంటూనే ముద్దాయి హక్కును కాపాడటం వకీలు వృత్తిధర్మం. న్యాయవాదిని నియమించుకొనే హక్కు (22(1) అధికరణం), పేదలకు ఉచిత న్యాయసహాయం (1976లో 42వ సవరణతో చేరిన 39ఎ అధికరణం) అనే భావనలకు ఈ పాత్ర నైతికమైన పూర్వరూపం అనవచ్చు.

అయితే సౌజన్యారావు చేతిలో సాక్ష్యం లేదు. అది మధురవాణి దగ్గర ఉంది. ఆమె మగవేషంలో వస్తేగాని అతని గదిలో అడుగుపెట్టలేదు. సాక్షులు కాగలిగినవారెవరో చెప్పే సాక్ష్య చట్టం 118వ సెక్షను వృత్తిని బట్టి ఎవరినీ మినహాయించలేదు. ప్రశ్నను గ్రహించి జవాబు చెప్పగల శక్తి ఉంటే చాలునంది. చట్టం వేయని అడ్డుగీతను సంఘం వేసింది. ఆ గీతను చెరపవలసిన సంస్కర్తే అందరికన్నా గట్టిగా పాటించాడు. ముద్దాయి నిర్దోషిత్వానికీ వకీలు నియమానికీ మధ్య పోటీ ఏర్పడింది. మధురవాణి తాను చెప్పబోయే నిజానికి ముద్దును వెలగా అడగడాన్ని విమర్శకులు ఆమె చతురతకు, సంస్కర్త గర్వభంగానికి నిదర్శనంగా చూశారు. ఆ వ్యాఖ్యానం సరైనదే. న్యాయదృష్టితో చూస్తే ఆ అడగడంలో మరో ప్రశ్న ఉంది: ఒక మనిషి ప్రాణం కన్నా నీ శుద్ధి విలువైనదా? సౌజన్యారావు తన నియమాన్ని వదులుకోవడానికి సిద్ధపడటం, మధురవాణి ఆ వెలను తానే వదులుకోవడం ఆ ప్రశ్నకు ఇద్దరూ ఇచ్చుకున్న సమాధానం.

గమనించవలసిన అంశం మరొకటి. మధురవాణి ఈ నిజాన్ని చెప్పింది వకీలు ఇంట్లో. ప్రమాణం చేసి బోనులో నిలబడి కాదు. అడ్డుప్రశ్నలకు నిలిచిన సాక్ష్యంగా అది నాటకంలో రూపుదిద్దుకోలేదు. హత్యకేసు ముగింపు కోర్టు తీర్పుగా రంగస్థలం మీద వినిపించదు. నాటకంలో నిజం గెలిచిన స్థలం కచేరీ కాదు, కచేరీకి వెలుపలి గది. కచేరీ మీద గురజాడ చేసిన అత్యంత తీవ్రమైన విమర్శ ఈ స్థలనిర్ణయంలో ఉంది.

6. నవ్వూ, నిర్దోషిత్వ భావనా:

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. ‘కన్యాశుల్కం’ ప్రహసన ధోరణి గల నాటకం. లుబ్ధావధాన్లు పిసినారి, వయసుమళ్లి పసిపిల్లను కొనబోయినవాడు. హత్యకేసు అతనికి తగిన శాస్తి. అటువంటి పాత్ర హక్కుల గురించి మాట్లాడటం హాస్యరసాన్ని అపార్థం చేసుకోవడం కాదా?

ఈ ఆక్షేపణలోనే నాటకం బిగించిన ముడి ఉంది. లుబ్ధావధాన్లు చేసింది సామాజికంగా నీచమైన పని. నాటి చట్టంలో నేరం కాదు. అతని మీద మోపింది చట్టంలో అత్యంత తీవ్రమైన నేరం. అతడు దాన్ని చేయలేదు. చేసిన తప్పుకు శిక్ష లేనప్పుడు, చేయని తప్పుకు శిక్ష పడితే లెక్క సరిపోయిందని ప్రేక్షకుడి మనసు సమాధానపడుతుంది. ఈ సమాధానపడటం అపాయకరమైనది. ఆరోపణ రుజువయ్యేవరకు ముద్దాయి నిర్దోషి అనే సూత్రం మంచివారి కోసం పుట్టినది కాదు. మంచివాడిని లోకం ఎలాగూ నమ్ముతుంది. లోకం నమ్మడానికి ఇష్టపడని మనిషి విషయంలోనే ఆ సూత్రానికి పరీక్ష. హత్యకేసు ముద్దాయిగా గురజాడ ఒక సాధువును ఎన్నుకుని ఉంటే ప్రేక్షకుడికి కన్నీరు, న్యాయానికి సులువైన గెలుపు దక్కేవి. లుబ్ధావధాన్లను ఎన్నుకోవడం వల్ల ప్రేక్షకుడు ముందు నవ్వుతాడు. ఆ తర్వాత ఈ ముసలివాడు నిజంగానే ఉరికంబం ఎక్కవచ్చునని గ్రహిస్తాడు. ఆ గ్రహింపును నాటకంలో ముందుగా పొందినవాడు కుట్ర పన్నిన కరటకశాస్త్రే కావడం విశేషం. దురాచారాన్ని ఓడించాలి గాని, దురాచారిని అబద్ధపు కేసులో ఉరితీయరాదన్న విచక్షణ అతనికుంది.

పాత్ర పరిణామం కూడా ఈ పఠనాన్ని బలపరుస్తుంది. కేసులో చిక్కుకున్న లుబ్ధావధాన్లు పిసినారి మూసలోంచి బయటికి వచ్చి, భయపడిన, అలసిన, తన తప్పును తెలుసుకొన్న ముసలివాడుగా కనిపిస్తాడు. నాటకం అతనికి కనికరాన్ని ఇచ్చింది. కనికరం మాత్రం హక్కు కాదు.

7. రాజ్యాంగం వెలుగులో:

రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ 1949 సెప్టెంబరులో 15ఎ అధికరణాన్ని ప్రవేశపెట్టాడు. అదే నేటి 22వ అధికరణం. నిర్బంధానికి కారణాలు తెలుసుకోవడం, వకీలును సంప్రదించడం, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరు కావడం అందులోని అంశాలు. ఈ రక్షణలు నేరవిచారణ స్మృతిలో అప్పటికే ఉన్నవేనన్న సంగతి ఆనాటి చర్చలోనే వచ్చింది. అలాంటప్పుడు వాటిని రాజ్యాంగంలోకి తీసుకురావడంలో ప్రయోజనమేమిటి? మామూలు శాసనాన్ని శాసనసభ ఎప్పుడైనా మార్చవచ్చు. ప్రాథమిక హక్కును అంత తేలికగా మార్చలేదు. అంతకన్నా ముఖ్యంగా, 32, 226 అధికరణాల ద్వారా పౌరుడు నేరుగా ఉన్నత న్యాయస్థానాలను ఆశ్రయించే దారి ఏర్పడింది. రామచంద్రపురం మనిషికి లేనిది సరిగ్గా ఆ దారే.

న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేయాలని 50వ అధికరణం ఆదేశించింది. 1974 ఏప్రిల్ నుంచి అమలైన 1973 నేరవిచారణ స్మృతి న్యాయ మేజిస్ట్రేట్లను హైకోర్టుల అదుపులోకి తెచ్చి దాన్ని దేశవ్యాప్తం చేసింది. చట్టం నిర్దేశించిన ప్రక్రియ న్యాయమైనదిగా, సహేతుకమైనదిగా ఉండాలని మేనకాగాంధీ కేసు (1978) 21వ అధికరణానికి అర్థం చెప్పింది. విచారణ ఖైదీల దుస్థితిని ఎదుట పెట్టిన హుస్సేనారా ఖాతూన్ కేసులో (1979) సత్వర విచారణ ఆ అధికరణంలో భాగమైంది. నిర్బంధ సమయంలో పోలీసులు పాటించవలసిన నియమాలను డి.కె. బసు కేసు (1996) వివరించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఈ రాజ్యాంగ కొలతకే లోబడి ఉండాలి.

ఈ క్రమాన్ని ‘నాడు చీకటి, నేడు వెలుగు’ అని చదవడం పొరపాటు. 24 గంటల నియమం గురజాడ కాలపు పుస్తకంలోనూ ఉంది. ముద్దాయికి అనుకూలమైన నిజం తెలిసిన సాక్షి బోనెక్కడానికి జంకే స్థితి, సాక్షి కులవృత్తులను బట్టి మాట విలువ కట్టే అలవాటు, లోకనింద పొందినవాడు నేరస్థుడే అయి ఉంటాడన్న తొందరపాటు శాసనాల మార్పుతో మాత్రమే పోయేవి కావు. రాజ్యాంగం తెచ్చిన మౌలికమైన మార్పు వేరే చోట ఉంది. ముద్దాయి రక్షణను అది ఒకరి దయాగుణం మీద ఆధారపడని విషయంగా ప్రకటించింది.

8. ముగింపు:

‘కన్యాశుల్కం’లోని హత్యకేసు కథాసౌలభ్యం కోసం వాడుకున్న సాధనం మాత్రమే కాదు. శవం లేని, హతురాలే లేని కేసులో ఒక అప్రియమైన ముద్దాయిని నిలబెట్టి, న్యాయప్రక్రియలోని ప్రతి అంగం నిజాన్ని చేరుకోవడంలో ఎలా తడబడుతుందో ఈ నాటకం చూపింది. పోలీసు నిజాన్ని వెతకలేదు. కచేరీకి నిజం చేరలేదు. నిజం తెలిసినవాడు భయపడ్డాడు. మంచి వకీలుకు సాక్ష్యం దొరకలేదు. చివరికి సంఘం వెలివేసిన ఒక స్త్రీ తన ఇష్టంతో, తన వెలను తానే వదులుకొని నిజం చెప్పింది.

మధురవాణి రాకపోయి ఉంటే లుబ్ధావధాన్ల గతి ఏమిటన్న ప్రశ్నకు నాటకంలో భరోసా ఇచ్చే సమాధానం లేదు. సుఖాంతం కింద మిగిలిన ఈ ప్రశ్న వల్లనే ‘కన్యాశుల్కం’ కన్యాశుల్క దురాచారం అంతరించిన తర్వాత కూడా సజీవంగా ఉంది. ముద్దాయి హక్కులను రాజ్యాంగంలో రాసుకోవడమంటే, మధురవాణి తలుపు తట్టని ముద్దాయికి కూడా న్యాయం అందాలని ఒప్పుకోవడం. తెలుగు సాహిత్యంలోని ఇతర కోర్టు కథలను, ప్రత్యేకించి న్యాయవాద వృత్తిలో ఉన్న రాచకొండ విశ్వనాథశాస్త్రి వంటి రచయితల కథలను ఈ దృష్టితో పరిశీలిస్తే, ముద్దాయి పాత్ర చిత్రణలో వచ్చిన పరిణామం మరింత స్పష్టమవుతుంది.